అడగడం కూడా ఒక స్కిల్లే!

'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్'... ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం అద్దం ముందు ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేసి ఉంటారో లెక్కపెట్టుకోండి. మాక్ ఇంటర్వ్యూలు, గ్రూప్ డిస్కషన్లు, యూట్యూబ్ వీడియోలు... జవాబు చెప్పడం నేర్పేవాళ్లు బోలెడుమంది. మరి ఎదుటి మనిషిని సరిగ్గా అడగడం, అడిగాక ఓపిగ్గా వినడం ఎవరైనా నేర్పారా? ఇంజినీరింగ్ నాలుగేళ్లలో నాకైతే ఎవరూ నేర్పలేదు.

ఆ పని నేర్చుకుని, దాంతో ఒక తరం జ్ఞాపకాలను కాపాడినవాళ్ల గురించి ఈసారి మాట్లాడుకుందాం.

ఇంగ్లండ్‌లో లింకన్ అనే నగరం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో దాని చుట్టుపక్కలంతా బాంబర్ విమానాల స్థావరాలే. ఇప్పుడు అక్కడ 'ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్' అనే స్మారక కేంద్రం ఉంది. ఆ కేంద్రం, లింకన్ విశ్వవిద్యాలయం కలిసి ఒక పని పెట్టుకున్నాయి. శిక్షణ పొందిన వాలంటీర్లు రికార్డర్ పట్టుకుని, అప్పట్లో బాంబర్లలో ఎగిరిన వృద్ధుల దగ్గరికి వెళ్లారు. పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేశారు. అలా పోగైన ఇంటర్వ్యూలు వెయ్యి దాటాయి. ఆ డిజిటల్ ఆర్కైవ్‌ను ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా వినొచ్చు. దీన్నే 'ఓరల్ హిస్టరీ', అంటే మౌఖిక చరిత్ర అంటారు.

మీ వయసువాళ్ల కథ

ఇంత శ్రమ ఎందుకు అనిపించొచ్చు. యుద్ధం గురించి వేల పుస్తకాలున్నాయి, ప్రభుత్వ రికార్డులున్నాయి కదా?

ఉన్నాయి. బ్రిటిష్ వైమానిక దళంలోని బాంబర్ కమాండ్‌లో దాదాపు 1,25,000 మంది విమాన సిబ్బంది పనిచేశారని, వాళ్లలో 55,573 మంది చనిపోయారని రికార్డులే చెబుతాయి. అంటే ప్రతి 100 మందిలో 44 మంది. అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే. ఎక్కువమందికి ఇరవై, ఇరవై రెండేళ్లు. మీరు ప్లేస్‌మెంట్ టెన్షన్‌లో ఉన్న వయసు అది. సాధారణంగా ఒక విడతకు 30 దాడులు పూర్తిచేయాలి, ఆ తర్వాతే విశ్రాంతి. ఒక్కో లాంకాస్టర్ విమానంలో ఏడుగురు: పైలట్, ఫ్లయిట్ ఇంజినీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, ఇద్దరు గన్నర్లు.

కానీ స్క్వాడ్రన్ రిజిస్టర్‌లో ఒక విమానం గురించి ఏం ఉంటుంది? బయల్దేరిన టైమ్, ఎక్కడికి వెళ్లింది, ఎన్ని బాంబులు. వస్తే దిగిన టైమ్. రాకపోతే 'తిరిగి రాలేదు' అని ఒక్క ముక్క. ఆ తెల్లారి పక్క మంచం ఖాళీగా ఉంటే, దాని మీద పడుకునేవాడి సామాన్లు ఎవరో వచ్చి సర్దుకుపోతుంటే చూసినవాడికి ఎలా ఉంటుందో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. తోక చివర ఒంటరిగా, ఎముకలు కొరికే చలిలో గంటల తరబడి చీకట్లోకి చూస్తూ కూర్చున్న గన్నర్ ఏం ఆలోచించాడో ఉండదు. అది ఆ మనిషి నోటి నుంచే రావాలి.

మీకు బాగా నచ్చే ఉదాహరణ ఒకటి చెబుతాను. ఏడుగురి జట్టును ఎవరు ఎంపిక చేసేవారనుకుంటున్నారు? పై అధికారులు కాదు! శిక్షణ కేంద్రంలో పైలట్లను, నావిగేటర్లను, గన్నర్లను ఒక పెద్ద హాల్లోకో హ్యాంగర్‌లోకో పంపి 'మీలో మీరే జట్లు కట్టుకోండి' అనేవాళ్లు. అంతే! ముఖం చూసి, నాలుగు మాటలు కలిపి, ఎవరితో ఎగరాలో తేల్చుకునేవాళ్లు. మినీ ప్రాజెక్టుకు టీమ్ కట్టుకున్నట్టే. కాకపోతే ఇక్కడ టీమ్ కుదరకపోతే పోయేది మార్కులు కాదు, ప్రాణాలు. ఆ కొద్ది నిమిషాల గురించి డెబ్భై ఏళ్ల తర్వాత కూడా వాళ్లు చెబుతుంటే వినాలి.

అరవై ఏళ్ల మౌనం

మరి ఇన్నాళ్లూ వీళ్లెందుకు నోరు విప్పలేదు? అసలు సంగతి ఇక్కడే ఉంది.

బాంబర్ కమాండ్ దాడుల్లో చనిపోయింది సైనికులే కాదు. 1943 జులైలో హాంబర్గ్ తగలబడింది. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌పై బ్రిటిష్, అమెరికన్ విమానాలు చేసిన దాడుల్లో దాదాపు 25,000 మంది చనిపోయారని తర్వాత చరిత్రకారుల సంఘం తేల్చింది. యుద్ధం ముగిశాక బ్రిటన్‌లోనే దీనిపై ఇబ్బంది మొదలైంది. విజయోత్సవ ప్రసంగంలో చర్చిల్ తమ పేరెత్తలేదని ఆ సిబ్బందిలో చాలామంది చివరిదాకా బాధపడ్డారు. లండన్‌లో వాళ్ల స్మారకం వెలిసింది 2012లో. పతకానికి తగిలించుకునే చిన్న గుర్తు దక్కింది 2013లో. అప్పటికి బతికి ఉన్నవాళ్లు ఎంతమంది?

ఇంకో ముద్ర కూడా ఉండేది. ఇక ఎగరలేనన్నవాడి కాగితాలపై 'ల్యాక్ ఆఫ్ మోరల్ ఫైబర్' అని రాసేవాళ్లు. మనోధైర్యం లేనివాడని అర్థం. ఇవాళైతే తీవ్రమైన మానసిక ఒత్తిడి అని వైద్యం చేయించేవారేమో. అప్పుడు అది అవమానం. అలాంటి మాట ఇంట్లోవాళ్లకైనా ఎవరు చెప్పుకుంటారు?

లింకన్ ఆర్కైవ్‌లో నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, వాళ్లు బాంబులు వేసినవాళ్లతోనే ఆగలేదు. బాంబులు పడ్డ జర్మనీ, ఇటలీ పౌరుల జ్ఞాపకాలనూ అదే ఆర్కైవ్‌లో పెట్టారు. పైనుంచి కింది మంటల్ని చూసినవాడి గొంతు, కింద నేలమాళిగలో అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్న పిల్ల గొంతు పక్కపక్కనే ఉంటాయి. ఒకరిని హీరో అనో, ఇంకొకరిని విలన్ అనో తేల్చడం ఇంటర్వ్యూ చేసేవాడి పని కాదు. ఇద్దరి మాటా పోకుండా చూడడమే పని. ప్రతిదానికీ ఐదు నిమిషాల్లో తీర్పిచ్చేసే సోషల్ మీడియా కాలంలో మనం నేర్చుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

ఎలా అడగాలి?

'భయమేసిందా?' అని అడిగితే 'ఊఁ' అంటారు. కథ అయిపోయింది. 'ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పండి' అంటే అరగంట చెబుతారు. అవును, కాదు అని తేలిపోని ప్రశ్న వేయడం మొదటి పాఠం.

రెండోది, మధ్యలో ఆగినప్పుడు తొందరపడకూడదు. ఆయన కిటికీ వైపు చూస్తూ పది సెకన్లు మాట్లాడకపోతే మనకు గంటలా అనిపిస్తుంది, ఏదో ఒకటి అడిగేస్తాం. చాలాసార్లు అసలు మాట ఆ పది సెకన్ల తర్వాతే వస్తుంది.

మూడోది, జ్ఞాపకం తప్పొచ్చు. తేదీలు కలగాపులగం అవుతాయి, ఊళ్ల పేర్లు మారిపోతాయి. అందుకని పెద్దాయన్ని అక్కడే సరిదిద్దకూడదు. అలాగని విన్నదంతా నిజమని రాసేసుకోకూడదు కూడా. బాంబర్ సిబ్బంది ప్రతి ప్రయాణాన్నీ లాగ్‌బుక్‌లో రాసుకునేవాళ్లు. ఆర్కైవ్ వాటిని, ఉత్తరాలను, ఫొటోలను స్కాన్ చేసి పెట్టింది. మాటను, కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

నాలుగోది అంగీకారం. రికార్డు చేస్తున్నామని, ఎక్కడ పెడతామని ముందే చెప్పాలి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. 'ఇది తీసేయ్ బాబూ' అంటే తీసేయాలి.

రికార్డు చేస్తే సరిపోదు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. టెక్నాలజీ మీద బ్లాగులు రాసేవాణ్ని, మా తాతయ్య మాటలు ఫోన్‌లో రెండు గంటలు రికార్డు చేశాను. ఫైల్ పేరు మార్చలేదు, 'రికార్డింగ్ 14' అని అలాగే వదిలేశాను. కాపీ పెట్టలేదు. ఫోన్ మార్చినప్పుడు ఆ ఫైల్ పోయింది. ఆ తర్వాత ఏడాదికి తాతయ్యా పోయారు. డేటా బ్యాకప్ గురించి ఊరందరికీ చెప్పేవాడి ఇంట్లో జరిగిన సంగతి ఇది.

అందుకే ఆర్కైవ్‌లో సగం పని రికార్డింగ్ తర్వాతే మొదలవుతుంది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ మాట్లాడారు అనే మెటాడేటా రాయాలి. మాటలను అక్షరాల్లోకి మార్చాలి. ఊళ్లు, స్క్వాడ్రన్లు, విమానాల పేర్లతో వెతికితే దొరికేలా గుర్తులు పెట్టాలి. ఫైళ్లను వేర్వేరు చోట్ల దాచాలి. పేరు లేని ఫైల్ ఉన్నా లేనట్టే.

'ఇది నేర్చుకుంటే జాబ్ వస్తుందా అన్నా?' అని అడుగుతారని తెలుసు. నేరుగా రాదు. మ్యూజియంలు, ఆర్కైవ్‌లలో ఖాళీలు తక్కువే. కానీ యూజర్ రీసెర్చ్‌లో రోజూ చేసే ఇంటర్వ్యూ ఇదే పద్ధతి. జర్నలిజం, డాక్యుమెంటరీ, పాడ్‌కాస్ట్, హెచ్‌ఆర్... అన్నిటికీ ఇదే పునాది. మాటను అక్షరంగా మార్చే భాషా సాంకేతికతకూ సరిగ్గా రికార్డు చేసి, సరిగ్గా లేబుల్ చేసిన తెలుగు కావాలి. రెజ్యుమెలో 'గుడ్ లిజనర్' అని రాసుకోవడం కన్నా, చక్కగా రాసిపెట్టిన ఒక ఇంటర్వ్యూ చూపించడం మేలు కదా.

మన ఇంటి పక్కనే

ఈ కథకు మనకూ సంబంధం ఉంది. 1918లో హైదరాబాద్ నిజాం ఇచ్చిన విరాళంతో విమానాలు సమకూరడంతో బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' పేరు వచ్చింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ నౌకలపై దాడికి వెళ్లిన బాంబర్లలో ఆ స్క్వాడ్రన్ విమానాలున్నాయి.

బాంబులు పడ్డవైపూ మనం ఉన్నాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. జనం విశాఖ వదిలి పల్లెలకు పోయారు. ఆనాడు అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని నడిచిన ఎనిమిదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. వాళ్లను ఎవరు అడిగారు?

యుద్ధమే ఉండాలని లేదు. దివిసీమ ఉప్పెన చూసినవాళ్లు, ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాళ్లు, మగ్గం మానేసి వలస పోయినవాళ్లు... మీ వీధిలోనే ఉంటారు. బాంబర్ సిబ్బంది విషయంలో లింకన్‌వాళ్లు దాదాపు ఆఖరి నిమిషంలో మేల్కొన్నారు. 1944లో ఇరవై ఏళ్లున్న కుర్రాడికి 2024కి నూరేళ్లు నిండాయి. మనకు ఇంకా కాస్త టైమ్ ఉంది, అంతే.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు కూలర్ కట్టేయండి. ఫోన్‌ను ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డర్ ఆన్ చేయండి. తేదీ, ఊరు, పేరు ముందు మీరే చెప్పండి. ఆ రాత్రే రెండు చోట్ల కాపీ పెట్టండి. మొదటి ప్రశ్న మీకు ఎలాగూ కంఠతా వచ్చు.

'తాతయ్యా, నీ గురించి చెప్పు.'