జిలాంగ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్ళ మార్పిడి మరియు డ్రాఫ్టు వ్యూహము

జిలాంగ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రములో, మెల్‌బోర్న్ నగరానికి నైఋతి దిశలో సుమారు 75 కిలోమీటర్ల దూరాన ఉన్న జిలాంగ్ నగరానికి చెందిన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ జట్టు. 1859లో స్థాపించబడిన ఈ క్లబ్బును అభిమానులు "క్యాట్స్" అని పిలుస్తారు. 18 జట్లు ఆడే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగు (ఎ.ఎఫ్.ఎల్.)లో ఓడిన జట్లు పైకి రావటానికి, గెలిచిన జట్లు కొంతకాలానికి క్రిందికి దిగటానికి అనువుగా నిబంధనలు ఏర్పరచబడినవి. అయినప్పటికీ జిలాంగ్ జట్టు 2007 నుండి 2025 వరకు దాదాపు ప్రతి సంవత్సరము ఫైనల్స్ దశకు చేరుకున్నది. ఈ కాలములో 2007, 2009, 2011, 2022 సంవత్సరాలలో విజేతగా నిలిచింది. పోటీలు లేని నెలలలో ఈ క్లబ్బు ఆటగాళ్ళను ఏ విధముగా సమకూర్చుకున్నది, ఆ పద్ధతిపై ఉన్న విమర్శలు ఏమిటి అనేవి ఈ వ్యాసములోని విషయాలు.

నేపథ్యము

లీగు పోటీలు సెప్టెంబరు చివర జరిగే గ్రాండ్ ఫైనల్‌తో ముగుస్తాయి. ఆ తరువాత అక్టోబరులో కొద్ది రోజులపాటు ఆటగాళ్ళ మార్పిడికి గడువు ఉంటుంది. నవంబరులో జాతీయ డ్రాఫ్టు జరుగుతుంది. జట్టు రూపురేఖలు మారేది ముఖ్యముగా ఈ రెండు నెలలలోనే.

డ్రాఫ్టు అనగా కొత్త ఆటగాళ్ళను క్లబ్బులు వరుసక్రమములో ఎంచుకొనే ప్రక్రియ. అప్పటి విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగు మొదటి జాతీయ డ్రాఫ్టును 1986లో నిర్వహించింది. అంతకు ముందు క్లబ్బులకు విక్టోరియా రాష్ట్రములో కొన్ని ప్రాంతాలు కేటాయించబడి ఉండేవి. ఇతర రాష్ట్రాల ఆటగాళ్ళను డబ్బున్న క్లబ్బులు ఎక్కువగా తెచ్చుకొనేవి. డ్రాఫ్టులో పాయింట్ల పట్టికలో చివర నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక, విజేతకు ఆ విడతలో చివరి ఎంపిక లభిస్తాయి. 1987లో జీతాల పరిమితి కూడా ప్రవేశపెట్టబడినది. ఈ రెండిటి ఉద్దేశము జట్ల మధ్య సమతూకము కాపాడటమే.

భారతీయ పాఠకులకు తెలిసిన ఐ.పి.ఎల్. పద్ధతికి దీనికి ముఖ్యమైన తేడా ఉన్నది. సన్‌రైజర్స్ హైదరాబాదు వంటి జట్లు వేలములో ధర పాడి ఆటగాళ్ళను దక్కించుకుంటాయి. ఎ.ఎఫ్.ఎల్.లో ఆటగాడికి వెల కట్టి కొనటము లేదు. ఒక ఆటగాడిని ఇచ్చిన క్లబ్బుకు ప్రతిగా మరొక ఆటగాడు గాని, డ్రాఫ్టు ఎంపిక గాని లభిస్తుంది. అందువలన డ్రాఫ్టు ఎంపికయే ఇక్కడ చెలామణి అయ్యే నాణెము.

నియమాలు

క్లబ్బుల వ్యూహాలు అర్థము కావటానికి ఈ క్రింది నియమాలు ముఖ్యమైనవి.

* సమ్మతి: ఒప్పందములో ఉన్న ఆటగాడిని అతని ఇష్టము లేకుండా మరొక క్లబ్బుకు మార్చరాదు.
* ఫ్రీ ఏజెన్సీ: 2012లో మొదలైనది. ఒకే క్లబ్బులో ఎనిమిది సంవత్సరాలు ఆడి, ఒప్పందము ముగిసిన ఆటగాడు వేరొక క్లబ్బును ఎంచుకొనవచ్చును. అతడు తన క్లబ్బులో ఎక్కువ జీతము పొందేవారిలో ఒకడైతే, బయటి క్లబ్బు ఇవ్వజూపిన జీతానికి పాత క్లబ్బు కూడా సరితూగి అతనిని ఆపవచ్చును. ఆటగాడు వెళ్ళిపోతే పాత క్లబ్బుకు లీగు పరిహారముగా ఒక డ్రాఫ్టు ఎంపికను ఇవ్వవచ్చును.
* భవిష్యత్ ఎంపికలు: 2015 నుండి రాబోయే సంవత్సరపు ఎంపికలను కూడా మార్చుకొనవచ్చును. అయితే భవిష్యత్తునంతా తాకట్టు పెట్టకుండా, ఏ నాలుగు సంవత్సరాలలోనైనా కనీసము రెండు మొదటి విడత ఎంపికలు వాడాలన్న నియమము పెట్టారు.
* తండ్రీకొడుకుల నియమము: ఒక క్లబ్బు తరఫున నిర్ణీత సంఖ్యలో ఆటలు ఆడిన వ్యక్తి కుమారుడిని అదే క్లబ్బు తీసుకొనే అవకాశము. 2007 నుండి ఇతర క్లబ్బులు అతనికి పోటీగా ఎంపికను ప్రకటించే పద్ధతి వచ్చింది. 2015లో ప్రతి ఎంపికకు పాయింట్ల విలువ కట్టారు. మొదటి ఎంపిక విలువ 3,000 పాయింట్లు.

మొదటి దశ: డ్రాఫ్టు ద్వారా నిర్మాణము (1997 - 2011)

జిలాంగ్ జట్టు 1963 తరువాత 44 సంవత్సరాలపాటు విజేత కాలేదు. ఆ నిరీక్షణకు ముగింపు పలికిన జట్టు ఎక్కువగా డ్రాఫ్టు ద్వారా తయారైనదే. ఇందులో దీర్ఘకాలము ఆటగాళ్ళ ఎంపిక బాధ్యతలు నిర్వహించిన స్టీఫెన్ వెల్స్ పాత్ర ప్రధానమైనది.

2001 డ్రాఫ్టు దీనికి మంచి ఉదాహరణ. ఆ సంవత్సరము జిలాంగ్ 8వ ఎంపికతో జిమ్మీ బార్టెల్‌ను, 17వ ఎంపికతో జేమ్స్ కెల్లీని, 24వ ఎంపికతో స్టీవ్ జాన్సన్‌ను, తండ్రీకొడుకుల నియమము క్రింద 40వ ఎంపికతో గారీ అబ్లెట్ జూనియర్‌ను తీసుకొన్నది. బార్టెల్ 2007లోను, అబ్లెట్ 2009లోను లీగులో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకాన్ని పొందారు. 2006లో 7వ ఎంపికతో జోయెల్ సెల్వుడ్, 41వ ఎంపికతో టామ్ హాకిన్స్ వచ్చారు. హాకిన్స్ ఆ సంవత్సరపు ఉత్తమ యువ ఆటగాళ్ళలో ఒకడైనా, తండ్రి అదే క్లబ్బుకు ఆడినందున అంత తక్కువ వెలకు లభించాడు. మరుసటి సంవత్సరము పోటీ పద్ధతి రావటముతో ఆ వెసులుబాటు ముగిసింది.

2007 గ్రాండ్ ఫైనల్‌లో జిలాంగ్ పోర్ట్ అడిలైడ్‌ను 119 పాయింట్ల తేడాతో ఓడించింది. 2010 చివర అబ్లెట్ కొత్తగా ఏర్పడిన గోల్డ్ కోస్ట్ జట్టుకు వెళ్ళిపోయాడు. అయినా క్రిస్ స్కాట్ శిక్షకుడుగా చేరిన మొదటి సంవత్సరమే, 2011లో, జిలాంగ్ మళ్ళీ గెలిచింది.

రెండవ దశ: ఎంపికలు ఇచ్చి అనుభవము కొనటము (2015 - 2022)

విజయము వెంట ఒక చిక్కు కూడా వచ్చింది. ప్రతి సంవత్సరము పట్టికలో పైన నిలిచే జట్టుకు మంచి ఎంపికలు దొరకవు. 18 సంవత్సరాల యువకుడు అగ్రశ్రేణి ఆటగాడుగా ఎదగటానికి సాధారణముగా నాలుగైదు సంవత్సరాలు పడుతుంది. కొందరు ఎన్నటికీ ఎదగరు. మొదటి మూడు ఎంపికలకు ఉన్నంత భరోసా 18వ ఎంపికకు ఉండదు. ఇతర క్లబ్బులు ఇటువంటి స్థితిలో ముఖ్య ఆటగాళ్ళను వదులుకొని, కొన్నేళ్ళు ఓడిపోయి, మళ్ళీ మొదటినుండి నిర్మించుకుంటాయి. జిలాంగ్ ఆ దారి పట్టలేదు. తన ఎంపికలు తనకంటె ఇతరులకే ఎక్కువ ఉపయోగపడతాయని భావించి, వాటిని ఇచ్చి సిద్ధమైన ఆటగాళ్ళను తెచ్చుకొన్నది.

2015 చివర అడిలైడ్ జట్టులోని ప్యాట్రిక్ డేంజర్‌ఫీల్డ్ స్వస్థలానికి దగ్గరగా ఉండాలని కోరుకున్నాడు. అతడు జిలాంగ్ సమీపములోని మాగ్స్ క్రీక్ ప్రాంతపువాడు. ఫ్రీ ఏజెన్సీ క్రింద పరిహారముతో సరిపెట్టుకొనటానికి అడిలైడ్ ఇష్టపడనందున, జిలాంగ్ 9వ, 28వ ఎంపికలను, డీన్ గోర్ అనే ఆటగాడిని ఇచ్చి, డేంజర్‌ఫీల్డ్‌తో పాటు 50వ ఎంపికను తీసుకొన్నది. 2016లో డేంజర్‌ఫీల్డ్ బ్రౌన్‌లో పతకము గెలుచుకున్నాడు.

2017 డ్రాఫ్టులో 24వ ఎంపికతో పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన టిమ్ కెల్లీని తీసుకొన్నారు. అప్పటికే అతనికి 23 సంవత్సరాలు. రెండే సంవత్సరాలలో అతడు లీగు ఉత్తమ జట్టులో చోటు సంపాదించాడు. 2019 చివర స్వస్థలమైన పెర్త్‌కు వెళ్ళటానికి కోరగా, వెస్ట్ కోస్ట్ క్లబ్బు 14వ ఎంపికతో పాటు మరుసటి సంవత్సరపు మొదటి విడత ఎంపికను, మరికొన్ని ఎంపికలను ఇచ్చింది. 24వ ఎంపికతో వచ్చిన ఆటగాడు రెండు సంవత్సరాలు సేవలందించి, వెళ్ళేటప్పుడు అంతకంటె ఎక్కువ విలువను తెచ్చిపెట్టినాడు. ఆ సంవత్సరపు డ్రాఫ్టులోనే 19వ ఎంపికతో వచ్చిన సామ్ డి కోనింగ్ తరువాత విజేత జట్టులో రక్షకుడుగా ఆడినాడు.

2020 గ్రాండ్ ఫైనల్‌లో జిలాంగ్ రిచ్‌మండ్ చేతిలో 31 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. జట్టులో ముఖ్యులకు వయసు మీరుతున్నది కనుక ఇక పునర్నిర్మాణము తప్పదని పలువురు విశ్లేషకులు అభిప్రాయపడ్డారు. కాని క్లబ్బు అందుకు విరుద్ధముగా నడిచింది. గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టులోని జెరెమీ కామెరాన్ కొరకు 13, 15, 20 సంఖ్యల మూడు ఎంపికలను ఇచ్చి, కామెరాన్‌తో పాటు రెండు భవిష్యత్ రెండవ విడత ఎంపికలను పొందింది. సిడ్నీ క్లబ్బు జీతములో సరితూగి అడ్డుపడినందువలననే ఇంత వెల పెట్టవలసి వచ్చింది. అదే సమయములో 31 సంవత్సరాల ఐజాక్ స్మిత్ హాథార్న్ నుండి ఎటువంటి ఎంపిక ఖర్చు లేకుండా వచ్చాడు. డ్రాఫ్టు రోజున భవిష్యత్ మొదటి విడత ఎంపికను రిచ్‌మండ్‌కు ఇచ్చి, 20వ ఎంపికతో మాక్స్ హోమ్స్ అనే యువకుడిని కూడా తీసుకొన్నారు.

తక్కువ వెలకు దొరికిన ఆటగాళ్ళు

పెద్ద మార్పిడులు పత్రికలలో కనిపించినంతగా జట్టులోని మిగతా భాగము కనిపించదు. మూడు మొదటి విడత ఎంపికలు ఒకే ఆటగాడిపై వెచ్చించిన క్లబ్బు, మిగతా స్థానాలను చౌకగా నింపుకొనగలగాలి. జిలాంగ్ ఈ పని మూడు విధాలుగా చేసింది.

* ప్రాంతీయ పోటీలలో ఆడుతున్న, వయసు వచ్చిన ఆటగాళ్ళు: స్థానిక సౌత్ బార్వన్ క్లబ్బులో ఆడిన టామ్ స్టీవార్ట్ 2016లో 40వ ఎంపికతో వచ్చి, లీగులోని ఉత్తమ రక్షకులలో ఒకడయ్యాడు.
* ఇతర క్రీడలు, ఇతర దేశాలు: మార్క్ బ్లిట్‌సావ్స్ స్టీపుల్‌చేజ్ పరుగు నుండి, మార్క్ ఓకానర్ ఐర్లండు దేశపు గేలిక్ ఫుట్‌బాల్ నుండి వచ్చారు. ఐర్లండుకే చెందిన జాక్ టూహీ కార్ల్‌టన్ జట్టు నుండి మార్పిడిలో వచ్చాడు.
* ఇతర క్లబ్బులు వదిలినవారు: అడిలైడ్ నుండి బయటకు వచ్చిన టైసన్ స్టెంగిల్‌ను 2021 చివర ఎటువంటి ఎంపిక ఇవ్వకుండానే చేర్చుకున్నారు. మరుసటి సంవత్సరము అతడు లీగు ఉత్తమ జట్టుకు ఎంపికయ్యాడు.

2022 గ్రాండ్ ఫైనల్‌లో జిలాంగ్ సిడ్నీని 81 పాయింట్ల తేడాతో ఓడించింది. గ్రాండ్ ఫైనల్ ఆడిన జట్లన్నిటిలో సగటు వయసు ఎక్కువగా ఉన్నది ఆ జట్టే. ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకము 33 సంవత్సరాల ఐజాక్ స్మిత్‌కు లభించింది. స్టెంగిల్ నాలుగు గోల్స్ చేశాడు.

మూడవ దశ (2022 తరువాత)

2022 మార్పిడి గడువులో జీతాల పరిమితి వలన ఇబ్బంది పడుతున్న గోల్డ్ కోస్ట్ క్లబ్బు, జాక్ బోవ్స్ యొక్క పెద్ద ఒప్పందాన్ని వదిలించుకొనటానికి అతనితో పాటు 7వ ఎంపికను కూడా ఇవ్వటానికి సిద్ధపడింది. పలు క్లబ్బులు ముందుకు వచ్చినా బోవ్స్ జిలాంగ్‌ను ఎంచుకున్నాడు. జిలాంగ్ ప్రతిగా ఇచ్చినది ఒక భవిష్యత్ మూడవ విడత ఎంపిక మాత్రమే. విజేత జట్టు అదే సంవత్సరము పదిలోపు ఎంపికను పొందటము డ్రాఫ్టు ఉద్దేశానికే విరుద్ధమని విమర్శలు వచ్చాయి.

2023లో జట్టు 12వ స్థానానికి పడిపోయింది. అయినా క్లబ్బు పద్ధతి మార్చుకొనలేదు. 2024 చివర, మోకాలి గాయముతో ఆ సంవత్సరమంతా ఆడలేకపోయిన బెయిలీ స్మిత్‌ను వెస్టర్న్ బుల్‌డాగ్స్ నుండి 17వ ఎంపిక ప్రధానముగా ఇచ్చి తెచ్చుకొన్నది. అతడు 2025లో లీగు ఉత్తమ జట్టులో చోటు పొందాడు. జట్టు గ్రాండ్ ఫైనల్ చేరుకొని, బ్రిస్బేన్ చేతిలో 47 పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

రిచ్‌మండ్‌తో పోలిక

సిద్ధమైన ఆటగాళ్ళను తెచ్చుకొనటము ప్రతి జట్టుకు ఫలించలేదు. 2017, 2019, 2020 సంవత్సరాల విజేత రిచ్‌మండ్ కూడా తన ముఖ్య ఆటగాళ్ళు ఆడుతుండగానే మరొక విజయము కొరకు ప్రయత్నించింది. 2022 చివర టిమ్ టరాంటో కొరకు 12, 19 ఎంపికలను, జేకబ్ హాపర్ కొరకు భవిష్యత్ మొదటి విడత ఎంపికతో పాటు మరొక ఎంపికను ఇచ్చింది. ఇద్దరికీ ఏడేళ్ళ ఒప్పందాలు ఇచ్చింది. 2023 మే నెలలో శిక్షకుడు డేమియన్ హార్డ్‌విక్ తప్పుకున్నాడు. ఆ తరువాత పాత తరము ఆటగాళ్ళు వరుసగా విరమించుకున్నారు. 2024లో రిచ్‌మండ్ రెండే ఆటలు గెలిచి చివరి స్థానములో నిలిచింది. అప్పుడు షై బోల్టన్, డేనియల్ రియోలీ, లియామ్ బేకర్‌లను ఇతర క్లబ్బులకు ఇచ్చి, పలు మొదటి విడత ఎంపికలు సంపాదించి, మొదటి ఎంపికతో సామ్ లాలర్‌తో సహా ఒకేసారి అనేకమంది యువకులను తీసుకొన్నది.

రెండు క్లబ్బులు ఒకే పని చేసినట్లు కనిపించినా తేడా ఉన్నది. జిలాంగ్ తెచ్చిన ఆటగాళ్ళు అప్పటికే బలముగా ఉన్న జట్టులో ఖాళీగా ఉన్న స్థానాలను నింపారు. వారి వెనుక చౌకగా దొరికిన స్టీవార్ట్, స్టెంగిల్ వంటివారు ఉన్నారు. రిచ్‌మండ్ తెచ్చిన ఇద్దరూ మధ్యభాగములో ఆడేవారే. మిగతా స్థానాలలో వయసు మళ్ళినవారికి బదులు సిద్ధముగా లేకపోయారు.

విమర్శలు

జిలాంగ్ విజయానికి వ్యూహము ఒక్కటే కారణము కాదని విమర్శకులు అంటారు. సముద్రతీరము, చుట్టుపక్కల పొలాలు, మెల్‌బోర్న్ కంటె ప్రశాంతమైన జీవితము వలన ఆటగాళ్ళు తక్కువ జీతానికైనా అక్కడికి రావటానికి ఇష్టపడతారు. జీతాల పరిమితి అందరికీ ఒకటే అయినా, ఆ పరిమితిలో జిలాంగ్‌కు ఎక్కువమంది మంచి ఆటగాళ్ళు ఇమడగలరు. ఒప్పందము ముగిసే ఆటగాడు ఫలానా క్లబ్బుకే వెళతానని చెప్పినప్పుడు పాత క్లబ్బుకు బేరమాడే బలము తగ్గిపోతుంది. ఈ నష్టము ఎక్కువగా భరించేవి క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ వంటి చోట్ల ఉన్న క్లబ్బులు. 18 సంవత్సరాలకే ఇల్లు విడిచి దూరప్రాంతానికి వెళ్ళిన యువకుడు కొన్నేళ్ళకు తిరిగి రావాలనుకొనటము సహజమే. అయితే అతనికి ఆట నేర్పిన క్లబ్బుకు దక్కేది ఒకటి రెండు ఎంపికలు మాత్రమే.

మరొక వైపు, లోటును పూడ్చటానికి ఉత్తరాది క్లబ్బులకు స్వంత అకాడమీలు ఇచ్చారు. తండ్రీకొడుకుల నియమము వలన కూడా పై జట్లు లాభపడినవి. 2024, 2025 విజేత బ్రిస్బేన్‌కు విల్ యాష్‌క్రాఫ్ట్, లీవై యాష్‌క్రాఫ్ట్ సోదరులు ఈ నియమము క్రిందనే వచ్చారు. విల్ ఆ రెండు గ్రాండ్ ఫైనల్స్‌లోను నార్మ్ స్మిత్ పతకము పొందాడు. ఇటువంటి ఎంపికలకు ఇచ్చే పాయింట్ల రాయితీని లీగు 2025లో 20 శాతము నుండి 10 శాతానికి తగ్గించింది.

రాబోయే మార్పులు

లీగులో 19వ జట్టుగా టాస్మానియా 2028లో ప్రవేశించాలని నిర్ణయించబడినది. 2011లో గోల్డ్ కోస్ట్, 2012లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ చేరినప్పుడు వాటికి డ్రాఫ్టులో ప్రత్యేక రాయితీలు ఇచ్చినందున ఇతర క్లబ్బుల ఎంపికలు వెనుకకు జరిగాయి. టాస్మానియా విషయములోను అదే జరిగితే, ఆ సంవత్సరాలలో చివరన నిలిచి డ్రాఫ్టుపై ఆధారపడే క్లబ్బుల పునర్నిర్మాణము మరింత ఆలస్యమవుతుంది. ఎంపికల కంటె అనుభవముగల ఆటగాళ్ళపై ఆధారపడే జిలాంగ్ పద్ధతికి ఆ ఇబ్బంది తక్కువ. డేంజర్‌ఫీల్డ్, బ్లిట్‌సావ్స్, స్టీవార్ట్, కామెరాన్ తరము విరమించుకున్న తరువాత, అంతే చౌకగా వారి స్థానాలను నింపగలదా అన్నదే ఈ పద్ధతికి ముందున్న అసలు పరీక్ష.