పంటి మీద నీటి రాత

నందికొండ దగ్గర కృష్ణమ్మకు అడ్డంగా లేవబోయే ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. అదే డిసెంబరులో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై ఎ.హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడి వ్యాసాన్ని అచ్చువేసింది. బావినీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగుసుకుపోతున్న ఇక్కడి పల్లెవాసుల సంగతి అది. ఒకే నెలలో జిల్లాకు ఒక ఆశా, ఒక హెచ్చరికా అందాయి. ఆశ ముందుగా ఫలించింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలు పచ్చబడ్డాయి. గట్టు మీదున్న మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు పల్లెలు మాత్రం దశాబ్దాల తరబడి బోరునీళ్లే తాగాయి. ఆ గోసను దేశానికి వినిపించడానికి 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్టు పత్రం పుస్తకమంత అయింది.

వంగిన నడుములను లోకం చూసింది. అదే ఫ్లోరైడ్ పంటి మీద మిగిల్చిన గారను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ప్రాణం తీయదు కదా, నొప్పి పెట్టదు కదా అనుకున్నారు. కానీ ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లకు తెలుసు, ఆ గార ఎంత బరువో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడపిల్లలు, ఫొటో తీస్తుంటే పెదవులు బిగించే కుర్రవాళ్లు, ఉద్యోగానికి పిలిస్తే ఎదుటివాళ్లు తమ కళ్లలోకి కాక నోటివైపే చూస్తున్నారని కుంగిపోయేవాళ్లు మన బంధువర్గంలోనే కనిపిస్తారు. పండ్లు తోముకోరేమో అనే మాట వాళ్లకు పడే రెండో దెబ్బ. ఎంత తోమినా పోనిది ఆ మచ్చ. పంటి పైపొర చిగురు లోపల తయారవుతున్నప్పుడే తాగిన నీరు అందులో తన రాత రాసిపోతుంది. శాశ్వత దంతాల పైపొర చాలావరకు ఎనిమిదేళ్లలోపే రూపుకడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా ఆ రాత చెరగదు.

అలాంటి నేలమీద దంత కళాశాల ఉండటాన్ని మామూలు సంగతిగా చూడలేం. నల్లగొండకు నార్కట్‌పల్లిలో కామినేని, పాలమూరుకు మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ దంత కళాశాలలు ఉన్నాయి. ఒకప్పుడు పన్ను సలిపితే హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాల దాకా బస్సెక్కాల్సిన ఇలాకా ఇది. సీట్లు, పీజీ విభాగాలు, ర్యాంకులు ప్రగతే, కాదనం. అయితే ఇక్కడి దంత కళాశాలను కొలవడానికి ఇంకో కొలబద్ద ఉందని మా అభిప్రాయం. చుట్టుపక్కల ఊళ్ల నోళ్లలో ఏం మార్పు వచ్చిందన్నదే ఆ కొలబద్ద.

బోధననే తీసుకోండి. నాలుగేళ్ల బీడీఎస్‌లో మొదట కృత్రిమ దంతాల మీదే చెయ్యి కుదురుతుంది, ఆపైనే రోగి ఎదుటికి వస్తాడు. ఫ్లోరైడ్ బెడద లేని చోటి విద్యార్థి ఫ్లోరోసిస్‌ను పుస్తకంలో బొమ్మగా చూస్తాడు. ఇక్కడి విద్యార్థికి అది కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంది. తేలిక మచ్చను సన్నగా రాపిడి చేసి తగ్గించవచ్చు, ముదురు మచ్చకు పూతో తొడుగో వేయాలి. ఆ పనితనం ఎలాగూ నేర్పుతారు. దానికి ముందు, ఇది నీ తప్పు కాదమ్మా అని చెప్పడం నేర్పాలి. నాలుగో పాఠం, ఐదో పాఠం ఏదైనా కావచ్చు, మొదటి పాఠం ఇదే కావాలి.

పరిశోధన సంగతికి వస్తే, ఒక పాత కథ గుర్తొస్తుంది. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో కొత్తగా పట్టా పుచ్చుకున్న దంత వైద్యుడు ఫ్రెడరిక్ మెకే ప్రాక్టీసు పెట్టడానికి వెళ్లాడు. అక్కడివాళ్ల పండ్ల మీద గోధుమరంగు మచ్చలు చూశాడు. ఎందుకని అడుగుతూనే ఉన్నాడు. తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని తేలేసరికి 1931 వచ్చింది. ముప్పై ఏళ్ల ఓపిక! ఆ తర్వాత 1945లో అదే దేశంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణం పుచ్చుపళ్లు రాకుండా నీటిలో కొలిచి మరీ ఫ్లోరైడ్ కలిపింది. మన దగ్గర నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఆ ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతి కనిపెడితే దానికి నల్లగొండ పేరే స్థిరపడింది. కొరత ఒకరిది, మితిమీరడం మనది.

ఇప్పుడు మన కళాశాలల ముందు అరుదైన అవకాశం ఉంది. మిషన్ భగీరథ తాగునీటి పథకం నల్లాలొచ్చి, కృష్ణ నీళ్లు ఇల్లిల్లూ చేరిన తర్వాత పుట్టిన పిల్లలకు పాలపళ్లు ఊడి పై ముందుపళ్లు మొలుస్తున్నాయి. ఏడెనిమిదేళ్ల వయసులో వచ్చే ఆ పళ్లే సాక్షులు. అవి తెల్లగా మొలిస్తే నీటి పథకం పనిచేసినట్లు. మచ్చలతో మొలిస్తే ఆ ఇంట్లో ఇంకా బోరునీళ్లు వంటలోకో తాగడానికో వస్తున్నట్లు. ఆ పళ్లను చూసి లెక్క తీయడానికి ఖరీదైన యంత్రాలక్కర్లేదు, ఒక చిన్న అద్దం, వెలుతురు, కాగితం, ఓపిక చాలు. అన్న పన్ను, చెల్లె పన్ను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు కాలాల నీళ్లు కనిపిస్తాయి. ఈ లెక్క ఇప్పుడు తీయకపోతే మళ్లీ తీయలేం. ఏడాదికో మెట్టు చొప్పున పిల్లలు దాటిపోతారు.

సేవ గురించి ఒక మాట. మొబైల్ వ్యాన్ తండాకు వస్తుంది, విద్యార్థులు నోళ్లు చూస్తారు, చీటీ రాసిస్తారు. ఆ చీటీ పట్టుకుని రోజు కూలి వదులుకుని, హాలియా మీదుగా బస్సులు మారి నార్కట్‌పల్లి చేరేవాళ్లు ఎందరు? వ్యాన్ మళ్లీ అదే ఊరికి రావాలి, ఆ పన్ను సంగతి ఏమైందో అడగాలి. పై పన్ను తీయిస్తే చూపు పోతుందని నమ్మే పెద్దమనిషి మొదటి రాకలో నోరు తెరవడు, మూడోసారి తెరుస్తాడు. గుట్కా, తంబాకు నమిలేవాళ్ల బుగ్గల లోపలి తెల్లమచ్చ, మానని పుండు కూడా అప్పుడే దొరుకుతాయి. అవి క్యాన్సరుగా ముదరకముందే పట్టుకుంటే ఒక మనిషిని దక్కించుకున్నట్లే.

నందికొండ హిల్ కాలనీ, పైలాన్ కాలనీ బళ్లలోని పంతుళ్లకు, చుట్టుపక్కల తండాల తల్లిదండ్రులకు ఒక విన్నపం. దంత వైద్య విద్యార్థులు మీ ఊరికి వచ్చిన రోజున, మీ బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏ నీళ్లు తాగిందో, నల్లా నీళ్లు మీ ఇంటికి ఏ ఏడాది వచ్చాయో ఒక కాగితం మీద రాసి బిడ్డతో పంపండి.