చీర కింది మోకాలు

మాణికేశ్వర్ నగర్ నుంచి తార్నాక ఇళ్లలో పనికి వెళ్లే ఒకామె మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగుతోంది. వ్యాయామాలు చేస్తున్నావా అని అడిగాను. "దవఖానకు పోతే ఒకరోజు పైసలు పోతయ్ మేడమ్. ఇంట్ల చెయ్యమన్నరు. సరిగ్గ చేస్తున్ననో లేదో ఎవరు చూడొచ్చిన్రు?" అంది.

ఆ చూసే పని కెమెరాతో చేయించవచ్చంటున్నారు పరిశోధకులు. 2010లో మైక్రోసాఫ్ట్ వీడియో ఆటల కోసం కైనెక్ట్ తెచ్చింది. 2017లో దాని తయారీ ఆపేసినా అలాంటి డెప్త్ కెమెరాలు ఇంకా ఉన్నాయి. కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపి, ఎదురుగా ఉన్న ప్రతి బిందువూ ఎంత దూరంలో ఉందో ఇవి కొలుస్తాయి. దాన్నిబట్టి తుంటి, మోకాలు, చీలమండ ఎక్కడున్నాయో కంప్యూటర్ అంచనా వేసి, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో చెబుతుంది. ఒంటికి ఏమీ అతికించనక్కర్లేదు. బస్సు ఛార్జీ, సగంరోజు కూలీ మిగిలితే కాదనడానికి మనమెవరం?

కానీ ఆ కాంతి బట్టను దాటి పోదు. చీర కట్టుకున్న మనిషి ముందు నిలబెడితే కెమెరాకు అందేది కుచ్చిళ్లే. అందుకని బిగుతు బట్టలు వేసుకోమంటారు. ఎవరి ముందు? ఆ గదిలో ఎవరెవరుంటారు? చాలా పరికరాల్లో డెప్త్ కెమెరా పక్కనే మామూలు కెమెరా కూడా ఉంటుంది. ఆ బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయో ఆమెకు ముందే చెప్పాలి, వద్దనే హక్కూ ఉండాలి. (బండలు కడిగేటప్పుడు ఇదే చీరను మోకాళ్ల పైకి దోపుకుంటుంది. అప్పుడు ఆ మోకాళ్లను కొలవాలని ఎవరికీ తోచలేదు.)

ఇంకో సంగతి, ఎంత వంగితే చాలు? మెట్లెక్కడానికి, కుర్చీలోంచి లేవడానికి తొంభై, వంద డిగ్రీలతో సర్దుకోవచ్చు. గొంతుక్కూర్చోవాలంటే నూట ఇరవై దాటాలి. అంట్లు, బట్టలు, నాటు మరుగుదొడ్డి అన్నీ అక్కడే ఉన్నాయి. తెర మీద "బాగుంది" అని పడ్డాక కూడా ఆమె పనికి పోలేకపోతే ఆ బాగు ఎవరి లెక్కలోది? 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి ధరకు పరిమితి పెట్టింది. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి చేయాల్సిన వ్యాయామానికి, ఆ రోజుల్లో పోయే కూలీకి అందులో చోటు లేదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు జీతంతో సెలవు ఎవరిస్తున్నారు?

ఇదంతా నాకు తెలిసినంతలో ఆమెకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "కింద గూసున్నా చూస్తదా అది?" అని అడిగింది. నిలబడిన మనిషిని చూసినంత బాగా చూడదు. కాళ్లు మడిస్తే ఒకటి వెనక ఇంకొకటి దాగిపోతుంది. ఆ మాటే చెప్పాను.

"మరి నాకెందుకు?" అంది.