బియ్యం బస్తా ఎవరిదండీ?

"రైస్ బ్యాగ్ బ్యాచ్"... చర్చికెళ్ళే దళితుల్ని ఇలా వెక్కిరించేవాళ్ళలో మనలాంటి ఇంజనీర్లు తక్కువేం కాదు. బియ్యం బస్తాకి అమ్ముడుపోయారట! సరే, ఆ బియ్యం ఎటునుంచి ఎటు పోతున్నాయో ఓసారి చూద్దాం.

మా తిరువూరు వైపు మిరపకాయల కోతకెళ్ళే ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఓ పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం అవి చర్చికి చేరతాయి. అక్కణ్ణుంచి పాస్టరు గారింటికో, పనికి పోలేని ముసలమ్మకో. మిజోరం చర్చిల్లో కూడా ఇదే అలవాటు 1910 నుంచీ ఉంది. అంటే బియ్యం ఇస్తున్నది వాళ్ళే మహాప్రభో!

సంఘంలో ఎవరైనా విజయవాడ ఆస్పత్రిలో పడితే రాత్రిళ్ళు తోడుండేది, క్యారేజీ తెచ్చేది, చందా వేసేది సంఘం వాళ్ళే. మనకి క్యాష్‌లెస్ కార్డుంది, 'గెట్ వెల్ సూన్' మెయిలుంది. మంచం పక్కన కూర్చునే మనిషి ఏడీ?

"అదంతా మతం మార్చడానికి ఎర" అంటారు. ఎప్పుడో చర్చిలో ఉన్నవాళ్ళు తమ తిండిలోంచి తీసి తమవాళ్ళకి పెట్టుకుంటే ఎర ఎలా అవుతుందండీ? బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. కొందరు విధవరాళ్ళకి రోజూ పెట్టే తిండి సరిగా అందట్లేదని గొడవైతే, ఆ పని చూడ్డానికి ఏడుగురిని పెట్టారు. అంత పాత పద్ధతి ఇది.

లక్షలు పోసి స్టేజీలు, సౌండు బాక్సులు పెట్టే పాస్టర్లని తిట్టండి, నేనూ కలుస్తా. ఆ పిడికెడు బియ్యాన్ని మాత్రం వెక్కిరించకండి. అది కూలి డబ్బుతో కొన్నది.