మింగిన దుమ్ము ఎక్కడికి పోతుంది?

చీపురుకట్టకు ప్రకటన అక్కర్లేదు. "మా చీపురు తక్కిన చీపుళ్ళకంటె మూడు రెట్లు బాగా వూడుస్తుంది" అని ఏ సంతలోనూ ఎవరూ కేకవేయగా నేను వినలేదు. చీపురు చేసే పని కంటికి కనబడుతుంది. కుప్పచేసిన చెత్త ఎదుటే వుంటుంది. దుమ్ము పీల్చే యంత్రం సంగతి అలా కాదు. దాని పనంతా కడుపులో జరుగుతుంది. కడుపులోని సంగతి పైవాళ్ళకు తెలియదు గనుక, దాన్ని అమ్మేవాడి నోటికి అడ్డుండదు.

క్రిందటి వేసవిలో అలాంటి యంత్రంతో ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. మెడకు టై, చేతిలో రంగురంగుల కాగితాలు. మనిషి బుద్ధిమంతుడే. మా పరుపుమీద యంత్రం నడిపి, గొట్టం మధ్య బిగించిన తెల్లగుడ్డ వూడదీసి చూపించాడు. మసిగుడ్డలా వుంది.

"చూశారా అమ్మగారూ, రోజూ మీరు దీనిమీదే పడుకుంటున్నారు" అన్నాడు.

మా ఆవిడ నావంక చూసింది, ఇన్నేళ్ళుగా ఆ దుమ్మంతా నేనే తెచ్చి పోస్తున్నట్టు.

మాకు యంత్రం అవసరం లేకపోలేదు. మా చిన్నమ్మాయికి ఉబ్బసం. ఇల్లు వూడ్చిన పూట పిల్లికూతలు మొదలవుతాయి. పొడి చీపురు మానేసి తడిగుడ్డతో తుడిపించండి, వీలయితే యంత్రం కొనండి అని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. కుర్రవాడు నాలుగు ముక్కలు గడగడా అప్పచెప్పాడు. ఒకటి, దీనికి సంచి లేదు గనుక సంచుల ఖర్చు లేదు. రెండు, పీల్చే బలం ఎన్నటికీ తగ్గదు. మూడు, 2000 వాట్లు. నాలుగు, హెపా తరహా వడపోత. కొన్నాం.

వారం తిరిగేసరికి డబ్బా నిండింది. తనకోసమే కొన్నారు గదా అని కాబోలు, మేము ఇంట్లో లేనప్పుడు అమ్మాయి వరండాలో నిలబడి, మూత తీసి, డబ్బాను చెత్తబుట్టలో బోర్లించింది. పరుపుల్లోంచీ మూలల్లోంచీ వారం రోజులు పోగుచేసిన మెత్తని దుమ్మంతా ఒక్కసారిగా దాని ముఖానికి కొట్టింది. ఆ రాత్రి రెండు గంటలదాకా దాన్ని కూర్చోబెట్టి, ఇన్‌హేలరు పట్టిస్తూ, వీపు రాస్తూ గడిపాం.

దుమ్ము లోపలికి ఎలా వెళుతుందో కుర్రవాడు చక్కగా చెప్పాడు. బయటికి ఎలా వస్తుందో చెప్పలేదు. మేమూ అడగలేదు. అప్పుడు కూర్చుని ఆ నాలుగు ముక్కలనూ పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్కటే దిద్దాను.

ముందు సంచి సంగతి. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును వూది ఎగరగొట్టే యంత్రాన్నొకదాన్ని చూసి, వూదేబదులు పీలిస్తే పోలేదా అనుకున్నాడు. హోటల్లో కుర్చీమీద చేతిరుమాలు పరిచి, దానికి నోరు ఆనించి పీల్చి చూశాడు. దుమ్ము రుమాలుకు అంటుకుంది. ఆ తరువాత 1907లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో, జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే వూడ్చే పనివాడు ఫాను మోటారుకు చీపురుకర్రా తలగడ గలీబూ తగిలించి ఇంట్లో వాడుకునే యంత్రం చేశాడు. ఎందుకు చేశాడో తెలుసునా? ఆయనకూ ఉబ్బసమే. రుమాలయితేనేం, గలీబయితేనేం, గుడ్డ గాలిని పోనిచ్చి దుమ్మును పట్టుకుంటుంది. సంచి ఒట్టి చెత్తబుట్ట కాదు, అదే వడపోత.

చిక్కూ అక్కడే వుంది. దుమ్ము చేరేకొద్దీ సంచి రంధ్రాలు పూడుకుపోతాయి. గాలి ఆడదు. బలం తగ్గుతుంది. ఇది గమనించి విసిగిన ఇంగ్లీషువాడు జేమ్స్ డైసన్. రంపపుమిల్లుల్లో పొట్టును గాలినుంచి విడదీసే గొట్టాన్ని చూసి, గాలిని సుడితిప్పితే బరువైన దుమ్ము అంచుకు విసిరివేయబడుతుందనే సూత్రాన్ని ఇంటి యంత్రంలో పెట్టాడు. ఇందుకు 5,127 నమూనాలు చేశాడట. 1993లో తన పేరుతో బ్రిటన్‌లో అమ్మకానికి పెట్టాడు. సంచి లేని యంత్రాలకు పేరు వచ్చింది ఆయనవల్లనే.

కనుక "బలం తగ్గదు" అన్నమాటలో నిజం లేకపోలేదు. అయితే సుడిగాలికి చిక్కని మెత్తని దుమ్ము వెనకాల వున్న వడపోతకు చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడు కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. కడగకపోతే అక్కడా గాలి ఆడదు. "ఎన్నటికీ" అన్నమాట ప్రకటనలో పెద్ద అక్షరాల్లో వుంటుంది. "కడిగితే" అన్నమాట సూచనల పుస్తకంలో చిన్న అక్షరాల్లో వుంటుంది.

సంచివాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 2014 సెప్టెంబరునుంచి ఐరోపా సమాఖ్యలో ఈ యంత్రాలకు గుర్తింపు చీటీలు అంటించారు. పరీక్ష మాత్రం ఖాళీ కడుపుతో వున్న యంత్రానికి. పెళ్ళిచూపులనాడు అందరు అల్లుళ్ళూ మంచివాళ్ళే, గుణం తెలిసేది కాపురంలో. డైసన్ కంపెనీ కోర్టుకెక్కింది. 2018 నవంబరు 8న లక్సెంబర్గు న్యాయస్థానం ఆ చీటీల నిబంధనను కొట్టివేసింది. 2019 జనవరితో చీటీలు పోయాయి. కాని అదే 2018 జూలైలో, బాష్, సీమెన్స్ పేర్లతో యంత్రాలు అమ్మే కంపెనీతో డైసన్‌కు వచ్చిన వ్యాజ్యంలో, పరీక్ష ఖాళీ సంచితో జరిగిందని కొనేవాడికి చెప్పకపోవడం మోసపుచ్చే మౌనం కాదని పై న్యాయస్థానం తేల్చింది. అంటే చెప్పనక్కర్లేదు. చెప్పనక్కర్లేనప్పుడు అడగవలసినవాళ్ళం మనమే.

మూడోది వాట్లు. 2000 వాట్లు అంటే మోటారు తినే కరెంటు. పీల్చే బలం కాదు. పళ్ళెం నిండా అన్నం తిన్నవాడల్లా పళ్ళెమంత పని చేస్తాడా? ఐరోపాలో 2014లో 1600 వాట్లకూ, 2017 సెప్టెంబరులో 900 వాట్లకూ పరిమితి విధించారు. అక్కడి ఇళ్ళు అప్పటినుంచి మురికిపట్టిపోలేదు.

నాలుగోది హెపా. మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాను. అందులో 0.3 వంతు వుండే రేణువులను నూటికి 99.97 పాళ్ళు పట్టుకునేది అమెరికా లెక్క ప్రకారం హెపా. ఐరోపా లెక్క కొంచెం వేరు. "హెపా తరహా" అన్నదానికి ఏ లెక్కా లేదు. పాలతరహా నీళ్ళు అన్నట్టు. నిజమైన హెపా వున్నా, యంత్రం అతుకుల్లో సందులుంటే దుమ్ము వడపోతను తప్పించుకుని పక్కదారిన వస్తుంది.

ఇక మిగిలింది సంచి ఖర్చు. ఖర్చు లేదన్నది నిజమే. కాని పారవేసే సంచి, నిండిన తరువాత మూతి మూసుకుని, దుమ్మును కడుపులో పెట్టుకునే బుట్టలోకి పోతుంది. ఆ పదిరూపాయలూ పరకా మనం ఇచ్చేది సంచికి కాదు, ఆ మూతికి. దులిపి మళ్ళీ వాడే గుడ్డసంచికి ఈ సుగుణం లేదు.

కాబట్టి ఉబ్బసం వున్న ఇంటికి పారవేసే సంచి వున్న యంత్రమే మేలని నాకు తోస్తుంది. అయితే ఆ సంచులు మన వూళ్ళో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. తక్కినవారు సంచి లేనిది నిక్షేపంలా కొనుక్కోవచ్చు.

మాది ఇంకా పనిచేస్తున్నది. పారేయబుద్ధికాలేదు. డబ్బా ఖాళీచేసే పని ఇప్పుడు నాది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పెరట్లోకి వెళ్ళి, డబ్బా మూతి ప్లాస్టిక్ కవరులోపల పెట్టి, కవరు బిగించి పట్టుకుని మెల్లగా వంపుతాను. పనిమనిషికి చెప్పరాదా అన్నారొకరు. ఆవిడ ముక్కూ ముక్కే గదండీ.

మీ ఇంటికీ అటువంటి కుర్రవాడు రాకపోడు. పరుపు దుమ్ము చూపించనివ్వండి, తెల్లగుడ్డ చూపించనివ్వండి. అంతా అయ్యాక నింపాదిగా అడగండి: "బాబూ, ఇది మింగడం చూశాం. కక్కడం కూడా ఒకసారి చూపించు."