లెక్కను ముందు ఇంటి భాషలో చెప్పించండి



ఏడో తరగతిలో సమీకరణాలు మొదలవగానే చాలామంది నుంచి వినే మాట ఒకటే: "మావాడు కూడికలు, తీసివేతలు చకచకా చేస్తాడు మేడమ్, వర్డ్ ప్రాబ్లమ్ వస్తే మాత్రం ఆగిపోతాడు." ట్యూషన్ పెట్టాలా, షార్ట్‌కట్లు నేర్పించాలా అని అడుగుతారు. నా అభిప్రాయంలో ఈ రెండిటికన్నా ముందు, ఆ లెక్కను ఇంట్లో మాట్లాడే భాషలో పిల్లల చేత చెప్పించాలి.

పత్తర్‌గట్టి బట్టల దుకాణాల్లో దొరికే లెక్కే చూడండి. చీర, బ్లౌజ్ పీస్ కలిపి 6.30 మీటర్లు. బ్లౌజ్ పీస్ కంటే చీర 4.70 మీటర్లు ఎక్కువ. ఏది ఎంత?

కొందరు పిల్లలు 6.30లోంచి 4.70 తీసేసి, బ్లౌజ్ పీస్ 1.60 అని రాసేస్తారు. తీసివేత సరిగానే ఉంది. కానీ 4.70 అనేది చీర పొడవు కాదు, రెండిటి మధ్య తేడా. ఆ సంగతి చదవడంలోనే జారిపోయింది.

ఇంగ్లిష్ వాక్యంలో సాధారణంగా చీర ముందొస్తుంది, దేనితో పోలుస్తున్నామో అది చివర్లో వస్తుంది. తెలుగులో "బ్లౌజ్ పీస్ కంటే" అని ముందే వినిపిస్తుంది. ఉర్దూలోనూ "బ్లౌజ్ పీస్ సే" అనే మొదలుపెట్టొచ్చు. దేన్ని ఎక్స్ అనుకోవాలో చెవికే తెలుస్తుంది. పీస్ ఎక్స్ అయితే చీర ఎక్స్ + 4.70. కలిపితే 2ఎక్స్ + 4.70 = 6.30. అంటే 2ఎక్స్ = 1.60, ఎక్స్ = 0.80. పీస్ 80 సెంటీమీటర్లు, చీర 5.50 మీటర్లు.

ఇంగ్లిష్ మీడియానికి ఫీజు కట్టి ఇంట్లో ఇదెందుకు అనిపించొచ్చు. పరీక్ష ఇంగ్లిష్‌లోనే రాయాలి, నిజమే. అర్థమైన లెక్కను ఇంగ్లిష్‌లో రాయడం సాధనతో వస్తుంది. "తేడా తీసేసి 2తో భాగించు" అని బట్టీపట్టిన పిల్లలు, "మూడు రెట్లు" అన్న మాట రాగానే తడబడతారు. పైగా లెక్కలు తెలుగుకు కొత్త కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే తెలుగులోకి తెచ్చాడు.

మీకు ఆల్జీబ్రా రాకపోయినా ఫర్వాలేదు. రోజుకో లెక్కను మీ భాషలో చెప్పమనండి. పెద్ద ముక్కకో గీత, చిన్న ముక్కకో గీత గీయమనండి. జవాబు వచ్చాక మొత్తం, తేడా రెండూ సరిపోయాయో లేదో చూడమనండి. ఆ పది నిమిషాలు పక్కన అమ్మమ్మ కూర్చున్నా, దాదీ కూర్చున్నా చాలు.