కంటి చుక్కలా? కళ్లజోడా?

శ్రీహరికోటలో రాకెట్టు లేచే వేళ పులికాట్ గట్టున నిలిచి, అది మసకగా కనిపించిందని చెప్పే విద్యార్థులను మేము చూస్తున్నాము. నెలల తరబడి పుస్తకానికీ, సెల్‌ఫోనుకూ అంటుకుపోయిన కంటిలో సిలియరీ కండరం బిగుసుకొని, దూరపు చూపు మసకబారవచ్చును. ఇది నిజమైన హ్రస్వదృష్టి కాదు, దాని భ్రమ మాత్రమే. తొందరపడి మైనస్ అద్దాలు తగిలిస్తే ఆ బిగువు తీరదు సరికదా, స్థిరపడే ప్రమాదమున్నది.

నిజమేదో తేల్చేవి కంటి చుక్కలే. ట్రోపికమైడ్ ప్రభావం కొన్ని గంటలలో తీరుతుంది. చదువుకు ఆటంకం తక్కువ, కాని కండరాన్ని సడలించే బలమూ తక్కువే. సైక్లోపెంటొలేట్ దాదాపు ఒక రోజు నిలిచి, మరింత నిక్కమైన కొలత నిస్తుంది. అట్రోపిన్ అన్నిటికంటె బలమైనది. వారం పైగా దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండను కన్ను సహించదు. 0.01 శాతం అట్రోపిన్ సంగతి వేరు. అది నిజమైన హ్రస్వదృష్టి పెరుగుదలను మందగింపజేయడానికి వాడుతున్నది. వైద్యుని మాట లేకుండా వీటిలో దేనినీ దుకాణంలో కొని వేసుకొనరాదు.

చుక్కలు బిగువును సడలిస్తాయి గాని అలవాటును మాన్పలేవు. ప్రతి ఇరవై నిమిషాలకు కాసేపు దూరం చూడడం విద్యార్థుల బాధ్యత. 2019 అక్టోబరులో ఆరంభమైన కంటి వెలుగు పథకం తొలి విడత బడిపిల్లలకు ఉద్దేశించినది. మన విద్యార్థులకు పరీక్షలకు చాల ముందుగానే చుక్కలు వేసి చేసే నేత్రపరీక్షను కళాశాల కమిటీవారు ఏటా ఏర్పాటు చేయవలెనని మా మనవి.